కాలేయంలో మూడు మచ్చలు

“నన్ను చంపేశారండీ. ఎవరు చంపారో మీరు కనిపెట్టాలి,” అంది లోపలికి వచ్చినావిడ, ఎవరూ కూర్చోమనక ముందే కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

కండక్టరు చేతిలోని గ్లాసులో టీ ఒలికింది. అతను ఒకప్పుడు నిజంగానే బస్సు కండక్టరు. బస్సు దిగి ఈ డిటెక్టివ్ ఆఫీసులో సహాయకుడిగా చేరి చాలాకాలమైనా ఆ పేరు పోలేదు, ఆ గొంతూ తగ్గలేదు. అతని యజమానురాలిని అందరూ కందిరీగ అంటారు. బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టే రోజుల్లో, ఆవిడ చేత కుట్టించుకున్నవాళ్ళు కసికొద్దీ పెట్టిన పేరది. ఆవిడ సిగ్గుపడకపోగా దాన్నే తలుపు మీద రాయించుకుంది. కండక్టరు దృష్టిలో మాత్రం ఆవిడను మించిన బుర్ర భూప్రపంచంలో లేదు.

“చచ్చినవాళ్ళు ఇంత గట్టిగా మాట్లాడరు. మొదటి నుంచి చెప్పండి,” అంది కందిరీగ.

వచ్చినావిడ ఈత నేర్పే కోచ్. వెడల్పాటి భుజాలు, పొట్టిగా కత్తిరించిన జుట్టు, ఎవరికీ లొంగేది కాదని చెప్పే చూపు. వెనకాల ఆవిడ తమ్ముడు నిలబడ్డాడు. అక్క పనిచేసే ఈతకొలనులోనే నీళ్ళు శుభ్రం చేసే మోటార్లు చూసుకుంటాడు. ఏడ్చి ఏడ్చి అతని కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

“నా పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ ఉందన్నారు. సరే, ఉంది. కోసి తీసేస్తే బాగుపడతావని సర్జను గారు ఆపరేషన్‌కి రోజు కూడా ఇచ్చారు. అంతకుముందు కాలేయానికి పాకిందేమో చూడాలని స్కాన్‌కి పంపారు. కాలేయంలో మూడు మచ్చలున్నాయట. పాకిపోయిందట. ఆపరేషన్ లేదు, ఏమీ లేదు. మందులు వేసుకుంటూ ఉన్నన్నాళ్ళు ఉండమన్నారు. నేను ఒప్పుకోను.”

“అక్కా, ఒప్పుకోకపోతే రోగం పోతుందా? ఊరుకో అక్కా,” అన్నాడు తమ్ముడు.

“నువ్వు నోర్ముయ్యి. ఏడవాలంటే బయటికెళ్ళి ఏడువు. బతికున్నదాన్ని ముందు పెట్టుకుని ఏడిస్తే నాకు ఒళ్ళు మండుతుంది.”

“ఒళ్ళు మండటం సాక్ష్యం కాదు. ఒప్పుకోకపోవడానికి కారణం ఏమిటి?” అడిగింది కందిరీగ.

“ఊపిరండీ. చేతికి మందు ఎక్కించి మూడు విడతలుగా బొమ్మలు తీస్తామని టెక్నీషియన్ ముందే చెప్పాడు. విడతకోసారి యంత్రంలోంచి గొంతు వస్తుంది, ఊపిరి బిగపట్టమని. మొదటి రెండూ వెంటవెంటనే అయిపోతాయి, మూడోదానికి మాత్రం కొన్ని నిమిషాలు కదలకుండా పడుకోవాలన్నాడు. నాకు గొంతు రెండుసార్లే వినబడింది. ఆ తర్వాత బయట ఒకటే కేకలు, ఉరుకులు పరుగులు. నన్ను గబగబా బల్ల మీంచి దింపేశారు. రిపోర్టులో చూస్తే మూడు విడతలూ తీశామని ఉంది!”

“అడగలేదా?”

“అడక్కుండా ఊరుకుంటానా? భయంలో మరిచిపోయి ఉంటావమ్మా అన్నాడు అక్కడి స్కానింగ్ ఇన్‌ఛార్జి. ఊపిరి బిగపట్టడం నేర్పి పొట్టపోసుకునేదాన్ని, నేను మరిచిపోతానా? పోనీ మళ్ళీ తియ్యండయ్యా అంటే, ఇప్పుడు కుదరదు, మూడు నెలలు ఆగి రమ్మన్నాడు. అంతవరకూ నా పేగులో గడ్డ చేతులు కట్టుకుని కూర్చుంటుందా?”

ఈలోగా కండక్టరు రిపోర్టు అందుకుని, బస్సులో స్టాపులు చెప్పినట్టు బిగ్గరగా చదువుతున్నాడు. “మూత్రపిండాలు సాధారణం. ప్లీహం సాధారణం. పిత్తాశయం సాధారణం.”

“పిత్తాశయమా?” కోచ్ అతని చేతిలోంచి రిపోర్టు లాక్కుంది. “రాళ్ళొచ్చాయని దాన్ని ఎప్పుడో తీయించేసుకున్నాను కదా!”

“అయిపోయింది మేడమ్! వేరేవాళ్ళ బొమ్మలకి ఈవిడ పేరు పడింది. కేసు తేలిపోయింది!” కండక్టరు ఎగిరి గంతేసినంత పని చేశాడు.

“తేలిపోయిన కేసుకి మనమెందుకు? పద,” అంది కందిరీగ.

స్కానింగ్ విభాగం ఆసుపత్రి కింది అంతస్తులో ఉంది. అక్కడి నేల తళతళలాడుతోంది, గోడకి కొట్టిన రంగు ఇంకా కొత్తవాసన వేస్తోంది. ఇన్‌ఛార్జి కూడా ఆ గోడలాగే ఉన్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా, దువ్విన జుట్టు, ఎదురొచ్చి పలకరించే మర్యాద. పై అంతస్తులో కట్టబోయే పెద్ద విభాగానికి తనే డైరెక్టరు కాబోతున్నాడని, అడక్కుండానే చెప్పాడు.

“మా దగ్గర రోగిని వెనక్కి పిలవడం అనేదే లేదండీ. ఒక్కసారి బల్లెక్కితే పని పూర్తయ్యాకే దిగుతారు. నేను వచ్చినప్పటి నుంచీ ఒక్కరంటే ఒక్కరిని మళ్ళీ రమ్మనలేదు. ఇంకే ఆసుపత్రినైనా ఈ మాట చెప్పమనండి చూద్దాం.”

“ఒకరి బొమ్మలకి ఇంకొకరి పేరు పడే అవకాశం ఉందా?”

“ప్రసక్తే లేదు. నా వేలిముద్ర పడితే తప్ప ఇక్కడ ఒక్క అక్షరం మారదు. పేరు తప్పు పడినా, విడత గుర్తు తప్పు పడినా దిద్దగలిగేది నేనొక్కణ్ణే. మా టెక్నీషియన్‌కి కూడా ఆ అధికారం లేదు.”

ఆ టెక్నీషియన్ యంత్రం పక్కనే నిలబడి ఉన్నాడు. నడివయసువాడు, నెమ్మదస్తుడు. ఆవిడకు మూడు విడతలూ తీశారా అని కందిరీగ అడిగితే, “తీశామండీ, మూడూ ఉన్నాయి కదండీ,” అని నేలకి చెప్పాడు.

“గొంతు రెండుసార్లే వినబడిందట.”

“స్పీకరు ఒక్కోసారి మొరాయిస్తుందండీ.” అతను ఇన్‌ఛార్జి వైపు చూశాడు.

“ఆవిడ తర్వాత బల్లెక్కింది ఎవరు?”

“రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్నతనండీ. ప్రాణాపాయంలో ఉంటే మోసుకొచ్చారు.”

స్కాన్‌లు చదివే రేడియాలజిస్టు గది పక్కనే ఉంది. దీపాలు ఆర్పేసిన గదిలో తెరల వెలుగు ఒక్కటే. పెద్దాయన. లోపలికి ఎవరొచ్చినా పని చెడగొట్టడానికే వచ్చారని నమ్మే రకం. కండక్టరు ఊరుకోకుండా పిత్తాశయం సంగతి ఎత్తి, “మా చెవుల్లో పువ్వులు పెడదామనుకున్నారా?” అని ఉరిమాడు.

రేడియాలజిస్టు ముఖం కందగడ్డలా అయింది. కోచ్ బొమ్మలు తెర మీదికి తెచ్చి, కాలేయం కింద మెరుస్తున్న చుక్కలు చూపించాడు. “ఇవి పిత్తాశయం తీసినప్పుడు సర్జన్లు వేసే క్లిప్పులు. అంటే ఇక్కడ పిత్తాశయం లేదు. బొమ్మలు ఆవిడవే.”

“మరి ‘సాధారణం’ అని రాశారుగా?” అన్నాడు కండక్టరు.

“మామూలు వాక్యాలన్నీ ముందే టైపు చేసి పెట్టుకుంటాం. తేడా ఉన్నచోట మాత్రం మారుస్తాం. ఇది మార్చడం మరిచిపోయాను. తప్పే. కాలేయం మాత్రం జాగ్రత్తగానే చూశాను.”

కండక్టరు గాలి తీసిన ట్యూబులా అయిపోయాడు. కందిరీగ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. “ఆ మచ్చలు క్యాన్సరేనని ఎలా చెప్పగలిగారు?”

“చూడండి. ఇలా కనబడే మచ్చలు రెండు రకాలు కావచ్చు. ఒకటి క్యాన్సర్. రెండోది ఉత్త రక్తనాళాల ముద్ద. చాలామందికి పుట్టుకతోనే ఉంటుంది, దానివల్ల ఏ హానీ లేదు. చేతికి ఎక్కించిన మందు ఆ ముద్దలోకి అంచుల నుంచి నెమ్మదిగా ఇంకుతుంది. అందుకే కాసేపు ఆగి మూడో విడత తీస్తాం. అప్పటికి మచ్చ నిండా తెల్లబడితే భయం లేదు. ఈవిడకి చూడండి, ఇది రెండో విడత, ఇది మూడోది. మచ్చలు మూడింటిలో ఒక్కటీ నిండలేదు. ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి.”

కందిరీగ రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టించి, ముక్కు తెరకి ఆనేంత దగ్గరగా వంగింది. “కాలేయం పక్కన ఈ నల్లటిదేమిటి, చిన్న తోకతో?”

“కడుపులో గాలి.”

“రెండింట్లోనూ ఒకేలా ఉంది.”

“ఉండదా మరి! మనిషి ఒకరే కదండీ.”

గది నిశ్శబ్దంగా ఉంది. పొద్దుటి నుంచి ఏమీ తినని కండక్టరు కడుపు గుర్రుమని పెద్దగా మూలిగింది. అతను సిగ్గుతో చచ్చిపోయి, రెండు చేతులూ పొట్టకి అడ్డం పెట్టుకున్నాడు. కందిరీగ మాత్రం అతని వంక ఆప్యాయంగా చూసి, రేడియాలజిస్టుకి దణ్ణం పెట్టి లేచింది.

బయటికొచ్చాక కండక్టరు గొంతు తగ్గించడానికి శతవిధాల ప్రయత్నించాడు. “మేడమ్, నాకు మన వెంట వచ్చిన ఆ తమ్ముడి మీద అనుమానం. మనం బయటికొచ్చేసరికి ఇన్‌ఛార్జి చేతులు పట్టుకుని ఏదో గుసగుసలాడుతున్నాడు.”

కందిరీగ నేరుగా వెళ్ళి తమ్ముణ్ణే అడిగింది. అతను బావురుమన్నాడు. “ఇకమీదట ఏ రిపోర్టు వచ్చినా ముందు నాకు చెప్పండి, అక్కకి చెప్పకండని బతిమాలుకున్నానండీ. అక్క తట్టుకోలేదు.”

“తట్టుకోలేనిది నువ్వయ్యా, మీ అక్క కాదు,” అంది కందిరీగ.

అక్కణ్ణుంచి ఆవిడ సర్జను దగ్గరికి వెళ్ళింది. సర్జను నడివయసు స్త్రీ. మాట కుండబద్దలు కొట్టినట్టుంటుంది. “ఆవిడకి ఆపరేషన్ వద్దని నాకేం సరదా కాదు. కాలేయంలో మూడుచోట్ల ఉందంటే పేగు కోసి ప్రయోజనం లేదు. అది లేదని చూపిస్తే ఈ వారమే కోస్తాను. ఎవరికో అనుమానం వచ్చిందని మాత్రం మళ్ళీ స్కాన్ రాయను. కారణం చూపించండి.”

కందిరీగ తలుపు మూసి కారణం చెప్పింది. బయట నిలబడ్డ కండక్టరుకి ఏమీ వినబడలేదు కానీ, సర్జను ఒక్క ఉదుటున కుర్చీలోంచి లేచిన చప్పుడు మాత్రం వినబడింది.

మర్నాడు పొద్దున్నే కోచ్ మళ్ళీ ఆ బల్ల మీద పడుకుంది. యంత్రం గదికీ, దాన్ని నడిపే గదికీ మధ్య పెద్ద గాజు కిటికీ. కిటికీకి ఇవతల సర్జను, రేడియాలజిస్టు, ఇన్‌ఛార్జి, తమ్ముడు ఇరుకిరుగ్గా నిలబడ్డారు. టెక్నీషియన్ మీటల ముందు కూర్చున్నాడు. కండక్టరు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు, టికెట్ లేనివాణ్ణి దిగనివ్వనట్టు. కందిరీగ అడగ్గానే టెక్నీషియన్ మైకు వేశాడు. ఈ గదిలో మాటలన్నీ లోపలున్న కోచ్‌కి వినబడాలన్నది కందిరీగ షరతు.

ఊపిరి బిగపట్టమంది యంత్రం. మొదటి విడత అయింది. మళ్ళీ బిగపట్టమంది. రెండో విడతా అయింది. తెర మీద అవే మూడు మచ్చలు, నల్లగా.

“ఇక మూడో విడతకి ఆగాలి కదా, కొన్ని నిమిషాలు? నేను చెప్పాల్సింది చెప్పడానికి ఆ టైము చాలు,” అంది కందిరీగ. “డాక్టరు గారూ, పాత బొమ్మలు పక్కన పెట్టండి. రెండో విడత ఒకటి, మూడోది ఒకటి. మీరు మచ్చల్నే చూశారు, నేను గాలిని చూశాను. చిన్న తోక ఉన్న నల్ల బుడగ రెండింట్లోనూ ఒకేచోట, ఒకే ఆకారంలో ఉంది. మధ్యలో కొన్ని నిమిషాలు గడిచాయంటున్నారు. మా కండక్టరు పొట్ట మీ గదిలో ఎంత గోల చేసిందో మీరే విన్నారు. బతికున్న మనిషి కడుపు అంతసేపు ఊరుకుంటుందా? గాలి జరగదా? కనీసం ఆ తోకైనా మారదా? రెండు బొమ్మలూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉన్నాయంటే, అవి రెండు కావు, ఒకటే. రెండో విడతకే ఇంకో కాపీ తీసి, దానికి మూడోది అని గుర్తు తగిలించారు. అందుకే మచ్చలు నిండలేదు. చచ్చినా నిండవు!”

రేడియాలజిస్టు కళ్ళజోడు సవరించుకుని తెర మీదికి వంగాడు. “మూత్రనాళాలు... మూడో విడతకల్లా మందు మూత్రంలోకి దిగి, అవి తెల్లగా మెరవాలి. ఇక్కడ ఏమీ లేదు. నేను ఇటు చూడనే లేదు. ఛీ, ఇన్నేళ్ళ అనుభవం ఎందుకూ!”

“మిమ్మల్ని నమ్మించడానికే కదా ఆ గుర్తు పెట్టింది. సరే, ఎవరు పెట్టారు? మీరు పెట్టలేరు, టెక్నీషియన్ పెట్టలేడు. తన వేలిముద్ర లేకుండా ఒక్క అక్షరం మారదని ఇన్‌ఛార్జి గారే గొప్పగా చెప్పారు.”

“ఎవరో బయటివాళ్ళు మాట్లాడితే వినాల్సిన ఖర్మ నాకు లేదు,” అంటూ ఇన్‌ఛార్జి తలుపు వైపు అడుగేశాడు. కండక్టరు కదల్లేదు.

అప్పటిదాకా నేలనే చూస్తున్న టెక్నీషియన్ తలెత్తాడు. “నేను చెప్తానండీ. రెండో విడత అయ్యాక ఆ ప్రమాదం కేసు వచ్చింది. ఆవిణ్ణి దింపెయ్యమన్నారు సార్. దింపేశాను. రేపు మళ్ళీ పిలుద్దాం సార్ అంటే, నా రికార్డు పాడుచేస్తావా అని కసిరారు. ఎవరడిగినా మూడూ తీశామనే చెప్పు, లేకపోతే ఉద్యోగం ఉండదన్నారు. నాకు భయమేసింది. అబద్ధం ఆడాను.”

“విన్నారుగా,” అంది కందిరీగ. “ప్రాణం పోతున్న మనిషి కోసం బల్ల ఖాళీ చేయించడం తప్పు కాదు. రేపు ఒక్కసారి రండమ్మా అని ఈవిణ్ణి అడిగి ఉంటే అక్కడితో సరిపోయేది. ఆ ఒక్క మాట అంటే ఈయన గొప్ప పోతుంది, పై అంతస్తులో కుర్చీ పోతుంది. మళ్ళీ స్కాన్ తీస్తే బండారం బయటపడుతుంది కాబట్టి మూడు నెలలు ఆగమన్నాడు. అప్పటికి పేగులో గడ్డే పాకిపోయి, ఆ రిపోర్టుని నిజం చేసేస్తుంది. అడిగే నోరూ ఉండదు.”

ఇన్‌ఛార్జి ఇస్త్రీ చొక్కా చెమటతో తడిసిపోయింది. “నేనేం కావాలని చంపాలనుకోలేదు! క్యాన్సర్ ఉన్న మనిషి కాలేయంలో మచ్చలుంటే ఇంకేమవుతాయండీ? ఎలాగూ అదే తేలుతుంది కదా అనుకున్నాను.”

“ఆ ‘ఎలాగూ’తోనే ఆవిణ్ణి చంపేశావు,” అంది కందిరీగ.

సర్జను అతని ముఖం కూడా చూడలేదు. “సూపరింటెండెంటుకి నేనే చెప్తాను. ఈయన వేలిముద్ర పడ్డ ప్రతి బొమ్మా మళ్ళీ చూడాలి. ఇంకెవరెవర్ని ఇలా ఇంటికి పంపేశాడో ఏమో.”

“టైమయిందండీ,” అన్నాడు టెక్నీషియన్.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. యంత్రం గొంతు మూడోసారి వినబడింది. బల్ల నెమ్మదిగా లోపలికి వెళ్ళి బయటికి వచ్చింది. తెర మీద కొత్త బొమ్మలు ఒక్కొక్కటే తేలాయి. మొదటి మచ్చ నిండా తెల్లబడింది. తమ్ముడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. రెండోదీ నిండింది. కండక్టరు గట్టిగా ఏదో అనబోయి, కందిరీగ చూపు చూసి ఆగిపోయాడు.

మూడోది నిండలేదు. కాలేయం కుడి అంచున నల్లగా అలాగే ఉండిపోయింది.

రేడియాలజిస్టు ఈసారి తొందరపడలేదు. ప్రతి బొమ్మా వెనక్కీ ముందుకీ తిప్పి తిప్పి చూశాడు. చివరికి సర్జను వైపు తిరిగి తలూపాడు. తమ్ముడు గోడకి చేరగిలబడి కూలబడ్డాడు.

కోచ్ చేతికి సూది గుచ్చినచోట దూది నొక్కుకుంటూ తనంతట తనే నడిచి వచ్చింది. “మాటలన్నీ వినబడ్డాయి. చివర్లో మాత్రం ఎవరూ మాట్లాడలేదు. ఎందుకని?”

సర్జను దాచలేదు. “రెండు మచ్చలు ఉత్త రక్తనాళాల ముద్దలు. వాటితో భయం లేదు. ఒకటి మాత్రం క్యాన్సరే. అంచున ఉంది కాబట్టి తీయొచ్చు. పేగుతో పాటే కోసేస్తాను. కానీ నేను హామీ ఇస్తున్నానని అనుకోకండి. పెద్ద ఆపరేషన్. తర్వాత మందులు కూడా వాడాలి. ఇంతా చేశాక మళ్ళీ రావచ్చు కూడా.”

“వస్తే అప్పుడు చూసుకుందాం. మూడని చెప్పినప్పుడే నేను ఒప్పుకోలేదు, ఒక్కదానికి భయపడతానా?”

ఇన్‌ఛార్జి ముందుకొచ్చి చేతులు జోడించాడు. “అమ్మా, క్షమించండి. నేను ఎలాగూ...”

“ఎలాగూ చచ్చేదే కదా అనుకున్నావు. అవునయ్యా, చస్తాను. నువ్వూ చస్తావు. అది ఎప్పుడో నా తరఫున నువ్వు రాసిపెట్టడానికి ఎవడివి? నా తర్వాత బల్లెక్కినతను బతికాడా?”

“బతికాడమ్మా,” అన్నాడు టెక్నీషియన్.

“హమ్మయ్య. అతనికి చోటిచ్చినందుకు నాకేం బాధ లేదు. నన్ను మళ్ళీ పిలవనందుకే నా కోపం. అది పోదు. క్షమించడం నా వల్ల కాదు.” ఆవిడ ఇక అతని వైపు చూడలేదు. తమ్ముణ్ణి రెక్క పట్టుకుని లేపి, వాడి కళ్ళు తన చేత్తోనే తుడిచింది. “ఏడ్చింది చాలు. కొలను తాళాలు నీ దగ్గర పెట్టుకో. పిల్లలకి నేను వచ్చేదాకా నువ్వే ఈత నేర్పు. వాళ్ళని లోతు నీళ్ళలోకి పంపావో, వచ్చి తోలు తీస్తాను.”

ఆ తర్వాత సర్జను వైపు తిరిగింది. “ఎప్పుడు చేరాలి?”

“ఏర్పాట్లు చూసుకోండి. రేపు రండి.”

“రేపెందుకండీ?” అంది కోచ్. “ఇవాళేమైంది?”